వంకర రెండు

ఎల్క్ ఫోర్క్, సౌత్ డకోటా
సెప్టెంబరు 16, 1996

డెల్లా స్వోబోడా గారికి,

మీరు క్షేమంగా ఉన్నారని పేపర్లలో చదువుతూనే ఉన్నాం కాబట్టి ఆ ప్రశ్న అడగను.

వచ్చే ఫిబ్రవరిలో మన కాలేజీ మీకు చేయబోయే సన్మానం గురించి క్రీడా విభాగం అధిపతి బ్రున్స్ గారు మీకు ఇప్పటికే రాశారు. ఆ సాయంత్రం విందు బాధ్యత నాది. మీతో ఎంతమంది వస్తారో, మీరు మాంసం తింటారో లేదో తెలియజేయండి. ఇటలీలో మీ అలవాట్లు మారి ఉండవచ్చు. ఇక్కడ ఏమీ మారలేదు. బంగాళాదుంపల హాట్‌డిష్ ఉంటుంది, బన్నులుంటాయి, జెల్లీ ఉంటుంది. జవాబు నవంబరు లోపల అందితే కుర్చీలు సర్దుకుంటాను.

విందు కార్యదర్శిగా రాయవలసింది అంతే. మిగతాది లవాన్‌గా రాస్తున్నాను.

పన్నెండో నంబరును మీ పేరుతో బ్యానర్ చేసి ఆటశాల దూలానికి కడతారట. ఆ తర్వాత ఏ అమ్మాయీ ఆ నంబరు వేసుకోకూడదట. దీనికి మీరు ఒప్పుకోవద్దు. ఆ నంబరు మీ సొంతం కాదు. 1972లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి జెర్సీలు ఇవ్వడానికి కాలేజీకి మనసు రాకపోతే, మా చర్చి గాయక బృందం పారేసిన అంగీలు తెచ్చి కత్తిరించి తొమ్మిది చొక్కాలు కుట్టినదాన్ని నేను. పన్నెండు నాది. చదువు ముగించి వెళ్ళే అమ్మాయి తన చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, తర్వాతి అమ్మాయి చేతికివ్వాలి. ఆ అమ్మాయి ఆ సాయంత్రమే అది వేసుకుని భోజనశాలకు రావాలి. ఆనవాయితీ అది. 1975లో నేను మీకిచ్చాను. 1978లో మీరు ఎవరికీ ఇవ్వలేదు, పెట్టెలో పెట్టుకుని పోయారు. మీ వెనక వచ్చిన పిల్లలు పాపం కొట్లో కొన్న చొక్కా మీదే పన్నెండు వేసుకుని, దాన్నే ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ ఆనవాయితీని నిలబెట్టారు.

మీరు ప్రొఫెషనల్ లీగుల్లో గెలిచినవి మీరు ఉంచుకోండి. పన్నెండును పిల్లలకు వదిలేయండి.

లవాన్ టీగెన్

*

బొలోన్యా, ఇటలీ
అక్టోబరు 9

లవాన్,

గారు! నా మోకాలికి కట్టు కడుతూ "కదిలావంటే ఆ రెండో కాలు కూడా విరగ్గొడతా" అన్నదానివి, ఇప్పుడు నాకు గారు తగిలిస్తున్నావు. చదవగానే వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా వచ్చారేమోనని.

నిజం చెప్పనా? బ్రున్స్ ఉత్తరం మూడు వారాలుగా బల్ల మీదే పడుంది. వద్దని రాద్దామనే అనుకున్నాను. అంత దూరం, ఫిబ్రవరి మంచు, ఆ ఉపన్యాసాలు. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. చదివి, వస్తున్నానని ఆ పూటే ఆయనకి జవాబు రాసి పోస్టు చేశాను. కాబట్టి నన్ను రప్పించిన పుణ్యం నీదే.

ఒక్కదాన్నే వస్తాను. మాంసం తింటాను. జెల్లీలో క్యారెట్ తురుము కలిపే పాపం ఇంకా చేస్తున్నారా?

చేతికివ్వడం గురించి నువ్వే మాట్లాడాలి. నువ్వు నా చేతికిచ్చావా? బట్టలుతికే యంత్రం మీద పడేసి, "కోచ్ ఇమ్మంది కాబట్టి ఇస్తున్నా. తాటిచెట్టులా ఉన్నావు, నీకు పొట్టిదౌతుంది" అన్నావు. నీకు దాన్ని మీ చెల్లెలు కారిన్‌కి ఇవ్వాలని ఉండేది. అది అప్పటికింకా స్కూల్లో ఉంది కాబట్టి గతిలేక నాకిచ్చావు.

నువ్వంత గొప్పగా కుట్టానంటున్న ఆ చొక్కాలో రెండు ఒకటి కంటే వేలెడు కిందకి జారి ఉంటుంది, గుర్తుందా? మిచెల్ ఊరి జట్టు మీద ఆడినప్పుడు రిఫరీ నన్ను పిలిచి, "ఏమ్మా, నీ నంబరు పన్నెండా, ఒకటీ దాని కింద ఇంకో రెండూనా?" అన్నాడు.

చొక్కా నా దగ్గరే ఉంది. భద్రంగా ఉంది.

డెల్లా

*

ఎల్క్ ఫోర్క్
అక్టోబరు 28

డెల్లా,

గారు వద్దన్నావు, తీసేశాను. దాంతోపాటు మర్యాద కూడా తీసేస్తున్నాను.

రెండు వంకర కాదు. ఆ అంగీల గుడ్డ సాటిన్, సూది కింద జారిపోతుంది. దాని మీద అంకెలు నిలబెట్టడం నీకు చేతనైతే కుట్టి చూపించు. నీకు గుండీ కుట్టుకోవడం కూడా రాదు, నీ కోటు గుండీలు నాలుగేళ్ళూ ఎవరు కుట్టారో నాకు తెలుసు.

కారిన్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి విను. నువ్వు వెళ్ళిపోయిన సాయంత్రం నేను పెద్ద చాక్లెట్ కేకు చేసుకుని, మా పాప ట్రూడీని చంకనేసుకుని, మీ భోజనశాలకు వచ్చాను. ట్రూడీకి అప్పటికి ఏడాది. నా చెల్లెలు పన్నెండు వేసుకుని ఆ తలుపులోంచి నడిచి వస్తుంటే చూడాలని. అమ్మాయిలందరూ బల్లల మీద చెంచాలతో కొడుతూ ఎదురు చూస్తున్నారు. కారిన్ వచ్చింది. నీలం స్వెట్టర్ వేసుకుని వచ్చింది. "డెల్లా చొక్కా పట్టుకుపోయిందక్కా" అంది. చెంచాలు ఆగిపోయాయి. ఆ కేకు ఎవరూ ముట్టలేదు, అలాగే ఇంటికి మోసుకొచ్చాను.

ఆ శరదృతువు నుంచి కారిన్ బంతి ముట్టుకోలేదు. నువ్వు చికాగోలో, టోక్యోలో, ఇటలీలో ఆడుతుంటే ఊళ్ళో అందరూ పేపరు కత్తిరించి గోడకు అంటించుకున్నారు. మా ఇంట్లో అంటించలేదు. మా ఇంట్లో ఒక ఆటను చంపినదానివి నువ్వు.

రా. తప్పకుండా రా. క్యారెట్ రెండింతలు వేయిస్తాను.

లవాన్

*

బొలోన్యా
నవంబరు 15

లవాన్,

కోచ్ ఉత్తరం రాసింది. ఇప్పుడు పన్నెండు వేసుకుంటున్న అమ్మాయి వచ్చే వసంతంలో చదువు ముగిస్తుందట. ఆమె తర్వాత అది అందవలసింది ట్రూడీ టీగెన్‌కట. నువ్వు చంకనేసుకొచ్చిన పసిపిల్ల!

ఆనవాయితీ అన్నావు, పిల్లలకు వదిలేయమన్నావు, అంత పెద్ద ఉత్తరంలో ఆ ఒక్క పేరు రాయడానికి చోటు దొరకలేదా? ఊరందరి పిల్లల కోసం పోరాడుతున్నావనుకుని ఒక పూట నీ మీద జాలి కూడా పడ్డాను. ఆ జాలి వెనక్కి తీసుకుంటున్నాను.

కారిన్ విషయం. నేను చొక్కా ఉతికాను. ఇస్త్రీ చేశాను. కాలర్ దగ్గర కొంచెం కాలింది కూడా, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పట్టుకుని కారిన్ గదికి వెళ్ళాను. తలుపు కొట్టాను. తర్వాత ఏం జరిగిందో నన్నడగకు. మాటిచ్చాను, పద్దెనిమిదేళ్ళుగా నిలబెట్టుకున్నాను. నీ నోటికి జడిసి ఇప్పుడు తప్పను.

నీ చెల్లెల్నే అడుగు. ఇన్నేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉంటున్నారు కదా, ఒక్కసారైనా అడిగావా?

డెల్లా

*

ఎల్క్ ఫోర్క్
డిసెంబరు 22

డెల్లా,

అడిగాను. క్రిస్మస్‌కి మా ఇంట్లో లెఫ్సా రొట్టెలు చేస్తాం. నేను ఒత్తుతాను, కారిన్ పెనం మీద తిప్పుతుంది. చేతులకు పని ఉన్నప్పుడు దానికి అబద్ధం ఆడటం రాదు, చిన్నప్పటినుంచీ అంతే. అందుకని ఆ రోజు దాకా ఆగాను.

"డెల్లా ఆ సాయంత్రం నీ గదికి వచ్చిందా?" అన్నాను.

కర్ర చేతిలో పట్టుకుని రొట్టె తిప్పడం మర్చిపోయింది. "అది రాసేసిందా?"

"రాయలేదు. మాటిచ్చాను అని రాసింది. రొట్టె మాడుతోంది."

"హమ్మయ్య" అంది. అనేసి నవ్వడం మొదలుపెట్టింది కారిన్, నలభైకి దగ్గరపడుతున్న మనిషి, పూలకొట్టు నడుపుకుంటున్న మనిషి, పిండి చేతులతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అక్కా, నాకు ఆ బంతి అంటేనే గిట్టేది కాదే. నువ్వు ఆడావు కాబట్టి ఆడాను. పొద్దున్నే లేవడం, ఆ పరుగులు, ఆ చెమట కంపు. డెల్లా చొక్కా పట్టుకొస్తే తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. 'ఇది నేను తొడుక్కున్నానంటే మా అక్క ఇంకో రెండేళ్ళు నన్ను వదలదు, దీన్ని నువ్వే తీసుకుపో తల్లీ' అన్నాను. 'మీ అక్క నన్ను చంపేస్తుంది' అంది. 'నువ్వెలాగూ ఊరు దాటుతున్నావుగా, నేను ఇక్కడే ఉండాలి' అన్నాను."

"నాతో చెప్పచ్చు కదా!"

"నీతోనా? కేకు చేసుకొచ్చావు."

నేను మళ్ళీ పిండి ఒత్తాను. మిగతా రొట్టెలన్నీ మందంగా వచ్చాయి.

నీకు క్షమాపణ చెప్తాననుకుంటున్నావేమో, చెప్పను. కారిన్ వద్దంటే జట్టులో ఇంకా ఏడుగురు ఉన్నారు. మార్గో ఉంది, పొట్టి జానిస్ ఉంది. వాళ్ళలో ఒకరికి ఇచ్చి ఉంటే ఆనవాయితీ నిలిచేది, కారిన్ గుట్టూ నిలిచేది. ఎందుకివ్వలేదు? దీనికి ఎవరికీ మాటివ్వలేదు కదా, చెప్పు.

ట్రూడీ పేరు రాయలేదు, నిజమే. రాస్తే నువ్వు సరిగ్గా ఇప్పుడన్న మాటలే అంటావని తెలుసు.

లవాన్

*

బొలోన్యా
జనవరి 7, 1997

లవాన్,

ఎందుకివ్వలేదంటే, ఇవ్వాలనిపించలేదు. నేనేదో త్యాగం చేశానని నువ్వు అనుకోవడం మొదలుపెట్టక ముందే ఇది రాస్తున్నాను. కారిన్ వద్దనగానే నాకు సంతోషం కలిగింది. బస్సెక్కే దాకా ఎవరైనా అడుగుతారేమోనని కోటు లోపల తొడుక్కునే ఉన్నాను.

మా ఇంట్లో నేను అయిదోదాన్ని. నా ఒంటి మీదకి వచ్చిన ప్రతి గుడ్డా ముందు ఇంకో నలుగురి ఒంటి మీద అరిగిందే. ఆ చొక్కా కూడా నా కోసం కుట్టింది కాదు, నువ్వు వదిలిందే. కానీ దాన్ని తొడుక్కున్న తర్వాత జనం నన్ను చూసి లేచి నిలబడ్డారు. చికాగోలో మొదటి రోజు, పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన అమ్మాయిలు నా సంచిలో అది చూసి, "చర్చిలో పాడతావా?" అని నవ్వారు. వారం తిరక్కుండానే ఆ నవ్వినవాళ్ళ స్థానంలో నేను ఆడాను. దాన్ని ఎవరికో ఎలా ఇస్తాను చెప్పు.

సరే. ఇక నీకు నచ్చే విషయం. నేను రావడం లేదు.

బ్రున్స్ సన్మాన పత్రం అచ్చుకి పంపే ముందు నాకొక ప్రతి పంపాడు. చొక్కాను అద్దాల పెట్టెలో పెడతారట. దాని కింద ఏం రాస్తారో తెలుసా? "ఎల్క్ ఫోర్క్ కాలేజీ ఆమెకిచ్చిన తొలి జెర్సీ." కాలేజీ ఇచ్చిందట! ఆటశాల మగపిల్లలకి కావాలని మనల్ని రాత్రి భోజనాల తర్వాత ప్రాక్టీసు చేసుకోమన్న కాలేజీ. ఆ కాగితం మీద అడ్డంగా గీత గీసి వెనక్కి పంపేశాను.

కాబట్టి నువ్వు గెలిచావు. బ్యానర్ ఉండదు. చొక్కాని ట్రూడీ పేరుతో పార్సిల్ కట్టి ఉంచాను. రేపే పోస్టు చేసేదాన్ని. ఒక్క అనుమానం వచ్చి ఆగాను.

కారిన్‌కి కావాలో లేదో నువ్వు అడగలేదు. ట్రూడీని అడిగావా?

డెల్లా

*

ఎల్క్ ఫోర్క్
జనవరి 20

డెల్లా,

నీ ఉత్తరం వచ్చిన రోజే అడిగాను. అడగకపోతే నువ్వు చెప్పిందే నిజమౌతుందని అడిగాను.

ట్రూడీ ప్రాక్టీసు నుంచి వచ్చి, మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని, గిన్నెలోంచి నేరుగా నూడుల్స్ తింటోంది. "వచ్చే ఏడాది నీకు పన్నెండు కావాలా?" అన్నాను.

"నాకు ముప్పై ఉందిగా."

"ముప్పై ఏం నంబరే? ఎవరిదది?"

"నాది" అంది. గిన్నె కింద పెట్టింది. "అమ్మా, డెల్లా స్వోబోడా రావట్లేదని కోచ్ చెప్పింది. అందులో నీ చెయ్యి ఉందా?"

నేను గిన్నెలు కడగడం మొదలుపెట్టాను.

"అమ్మా, ఆటశాలలో పైకి ఎప్పుడైనా చూశావా? ఏడు బ్యానర్లున్నాయి. ఏడూ మగాళ్ళవే. ఫ్రీ త్రో వేయడానికి నిలబడ్డప్పుడల్లా రింగు వెనక నాకు కనబడేది వాళ్ళ పేర్లే. ఇన్నాళ్ళకి ఒక ఆడదాని పేరు కడతామని వాళ్ళంతట వాళ్ళే అంటే, అడ్డం పడింది ఎవరయ్యా అంటే మా అమ్మ! జట్టులో నేను తలెలా ఎత్తుకోను?"

"నేను నీ కోసమే..."

"నన్నడిగావా?"

మీరిద్దరూ మాట్లాడుకున్నారా అని అనుమానం వచ్చింది. అవే మాటలు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

మర్నాడు పొద్దున బ్రున్స్ గారి దగ్గరికి వెళ్ళి, అద్దాల పెట్టె కింద రాసింది మార్చమన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "శ్రీమతి టీగెన్, ఎవరు కుట్టినా కాలేజీ జట్టుకే కదండీ, కాలేజీ ఇచ్చినట్టే లెక్క" అన్నారు.

"అలాగేనండి. విందు కూడా ఎవరు వండినా కాలేజీ పెట్టినట్టే లెక్క. ఆ రోజుకి మీరు వండండి" అన్నాను.

"మూడు వందల మందికా?"

"హాట్‌డిష్ తేలికేనండి. బంగాళాదుంపలు ముందు రోజే తరిగి పెట్టుకోండి."

లేచి వచ్చేస్తుంటే తలుపు దాకా వచ్చి, ఏం రాయాలో చెప్పమన్నారు. చెప్పాను. పనిలో పనిగా, బ్యానర్ కుట్టేది ఊరి బయట అచ్చు దుకాణం కాదు, నేనేనని కూడా చెప్పాను.

నువ్వు రావాలి. ఇది బతిమాలడం అనుకోకు. నాకు పన్నెండు పోతోందన్న కడుపుమంట అలాగే ఉంది. ఆ బ్యానర్ మీద కుట్టే ప్రతి కుట్టూ నిన్ను తిట్టుకుంటూనే కుడతాను. కానీ నా కూతురు ఫ్రీ త్రో వేసేటప్పుడు ఆ ఏడుగురి పేర్లే చూస్తూ వేయడం ఇక నాకు ఇష్టం లేదు.

చొక్కా పోస్టులో పంపకు. మొదటిసారి దాన్ని నీకు యంత్రం మీద పడేశానని అన్నావు కదా. ఈసారి సరిగ్గా జరగాలి. చేత్తో తీసుకురా.

లవాన్

*

బొలోన్యా
జనవరి 31

లవాన్,

వస్తున్నాను. నీ కోసం కాదు, ముప్పై కోసం.

మీ చర్చి వాళ్ళ జెల్లీ నా బల్ల మీద కనిపించిందో, అటు నుంచి అటే వెళ్ళిపోతాను.

డెల్లా

*

ఎల్క్ ఫోర్క్
ఫిబ్రవరి 18

డెల్లా,

మంచు తుఫాను వస్తోందని తినీతినక విమానానికి పరిగెత్తావు. నీ పళ్ళెంలో బన్ను సగం అలాగే ఉంది. జెల్లీ మాత్రం ఖాళీ అయింది, క్యారెట్‌తో సహా. నేను చూశాను.

మంచి గౌను మీద ఆ చొక్కా తొడుక్కుని మైకు దగ్గరికి నడుస్తుంటే చంక కింద కుట్టు చిట్లిన చప్పుడు మూడో వరుసలో ఉన్న నాకు వినిపించింది. పొట్టిదౌతుందని 1975లోనే చెప్పాను. నువ్వు ఉపన్యాసం ఇస్తావని బ్రున్స్ గారు ఎదురు చూస్తుంటే, అందరి ముందూ చొక్కా విప్పి, మడిచి, మెట్లు దిగి వచ్చి నా చేతుల్లో పెట్టావు. "ఉతకలేదు, ఇస్త్రీ చేయలేదు, నువ్వే చేసుకో" అన్నావు. జనం నువ్వేదో గొప్ప మాట అన్నావనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పక్కావిడ నన్ను పట్టుకుని, "ఏమందండీ, ఏమందండీ?" అంటే, "ఉతకమంది" అన్నాను. నమ్మలేదు.

ఉతికాను. చంక కింద కుట్టాను. కాలిన మచ్చ జోలికి వెళ్ళలేదు. నిన్ననే అద్దాల పెట్టెలో పెట్టారు. కింద మూడు వాక్యాలు రాయమన్నాను. కుట్టినది లవాన్ టీగెన్. ఆడినది డెల్లా స్వోబోడా. కాలేజీ ఇచ్చినది ఏమీ లేదు. మూడో వాక్యం బ్రున్స్ గారు కొట్టేశారు. పోనీలే, రెండు ఉన్నాయి.

నువ్వు చూడనిది ఒకటుంది, అది చెప్పడానికే ఇంత రాశాను. తాడు లాగి బ్యానర్ పైకెత్తినప్పుడు నువ్వు తలెత్తి చూసి రెండు చేతులతో ముఖం కప్పుకున్నావు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. బ్రున్స్ గారి భార్య, "పాపం, తట్టుకోలేకపోతోంది" అని రుమాలు తీసింది. నాకు మాత్రం తెలుసు, నువ్వు నవ్వుతున్నావని.

మర్నాడు పొద్దున గిన్నెలు తెచ్చుకోవడానికి ఆటశాలకి వెళ్ళాను. ట్రూడీ ఒక్కతే ఫ్రీ త్రోలు వేసుకుంటోంది. బ్రున్స్ గారు కింద నిలబడి, నిచ్చెన మీద ఉన్న పనివాడితో, "ఎడమవైపు ఎత్తు, ఇంకా ఎత్తు, అబ్బే, ఇప్పుడూ వంకరగానే ఉంది" అని అరుస్తున్నారు. వాడు ఎడమ తాడు లాగాడు, కుడి తాడు లాగాడు, దూలానికి కొలబద్ద పెట్టి చూశాడు. ఆఖరికి చెమటలు కక్కుకుంటూ దిగొచ్చి, "బ్యానర్ తిన్నగానే ఉందండీ. కుట్టిన నంబరే వంకర. ఒకటి పైనుంది, రెండు కిందకి జారింది" అన్నాడు.

ఆయన నా వైపు తిరిగారు. "శ్రీమతి టీగెన్, గుడ్డ జారిందా?"

"మంచి మందపాటి కాన్వాసండి, జారే రకం కాదు" అని, నా గిన్నెలు తీసుకుని వచ్చేశాను.

లవాన్